అశోక్‌నగర్‌లో చదువుతున్నారా? వారానికి ఒక్క పేజీ రాయండి!

*పోటీ పరీక్షల పుస్తకాల మధ్యే కథలు, కవితలు వినిపించే వేదికలూ ఉన్నాయి. రాసింది నలుగురిలో చదివి దిద్దుకునే అలవాటు మీ పరీక్షకూ, ఉద్యోగానికీ ఎలా పనికొస్తుందో చూద్దాం.*

పొద్దున్నే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ వైపు వెళ్లి చూడండి. భుజాన బ్యాగు, చేతిలో నీళ్ల సీసా, మధ్యాహ్నానికి టిఫిన్ బాక్సు. లోపల ఫ్యాను కింద కుర్చీ దొరికిందంటే ఆ రోజుకు సగం గెలిచినట్టే. ఈ దృశ్యం మీకు కొత్త కాదు. బహుశా అక్కడి కుర్చీల్లో ఒకటి మీదే.

ఒక చిన్న లెక్క వేసుకోండి. పోయిన ఏడాదిలో ఎన్ని పేజీలు చదివారు? వేలల్లో ఉంటాయి. మరి ఎన్ని పేజీలు రాశారు? నోట్సు, బిట్లు, గుర్తుపెట్టుకోవడానికి రాసుకున్న చిట్టీలు లెక్కలోకి రావు. ఏ పుస్తకంలోంచీ దించకుండా, మీ ఆలోచనను మీ వాక్యాల్లో పెట్టిన పేజీలు ఎన్ని?

సమాధానం చెప్పడానికి రెండు చేతుల వేళ్లు చాలితే కంగారు పడకండి. మీ పక్క కుర్చీ మిత్రుడి పరిస్థితీ దాదాపు అదే. డిగ్రీ దాకా మనకు జవాబు గుర్తుపెట్టుకోవడం నేర్పారు. ప్రిలిమ్స్‌కు జవాబు గుర్తుపట్టడం నేర్పారు. ఖాళీ కాగితం ముందు కూర్చుని మొదటి వాక్యం ఎలా మొదలుపెట్టాలో మాత్రం ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ఈ లోటును సొంతంగానే, పెద్దగా ఖర్చు లేకుండా, మీరుండే వీధుల్లోనే పూడ్చుకోవచ్చు.

మార్కులు ఎక్కడ పోతున్నాయి?

ముందు పరీక్ష సంగతే మాట్లాడుకుందాం. తెలంగాణ గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఎస్సే పేపర్‌కు 150 మార్కులు. మూడు విభాగాల నుంచి మూడు వ్యాసాలు. ఒక్కోదానికి 50 మార్కులు, నిడివి సుమారు 1000 పదాలు. చేతిలో ఉండేది మూడు గంటలు. సివిల్స్ మెయిన్స్‌లో ఎస్సే పేపర్ ఒక్కటే 250 మార్కులు, అక్కడ రెండు వ్యాసాలు. సివిల్స్‌లో తెలుగు సాహిత్యాన్ని ఆప్షనల్‌గా తీసుకునేవారికి రెండు పేపర్లు కలిపి 500 మార్కులు. అర్హత కోసం రాసే భారతీయ భాష పేపర్లోనూ వ్యాసం, సంక్షిప్తీకరణ, అనువాదం ఉంటాయి.

వీటిలో విషయం తెలిసుండటం సగం పని. రెండో సగం, ఆ విషయాన్ని ఒక వరసలో పెట్టి, చదివేవారికి అలుపు రాకుండా చెప్పడం. జవాబు పత్రాలు దిద్దేవారి ముందు కట్టలు కట్టలుగా ఉంటాయి. ‘ప్రాచీన కాలం నుండి నేటి వరకు...’ అని మొదలయ్యే పేజీలు వారు ఎన్ని చూసి ఉంటారో ఊహించండి. అలాంటి కట్టలో ఒక జిల్లా, ఒక చెరువు, ఒక రేషన్ షాపు ముందు నిలబడ్డ మనిషి కనిపించే పేజీ వస్తే కళ్లు అక్కడ ఆగుతాయి.

చిన్న వివరంతో పెద్ద విషయాన్ని చూపించడం కథకుడి పని. అందుకే సృజనాత్మక రచన అనగానే ‘అది మనకెందుకులే, తీరికున్నోళ్ల పని’ అనుకోకండి. వ్యాసం రాసే చెయ్యి కథ రాస్తే పదునెక్కుతుంది.

ఒకే విషయం, రెండు పేజీలు

మాటల్లో చెబితే నమ్మకం కుదరదు కాబట్టి ఒక ఉదాహరణ చూద్దాం. ‘నా కుటుంబం’ అని అంశం ఇస్తే చాలామంది ఇలా మొదలుపెడతారు:

‘నేను ఒక నిరుపేద రైతు కుటుంబంలో జన్మించాను. నా తల్లిదండ్రులు రెక్కలు ముక్కలు చేసుకుని నన్ను చదివించారు. వారి కలను సాకారం చేయడమే నా జీవిత లక్ష్యం.’

ఇందులో తప్పేమీ లేదు. ప్రతి మాటా నిజమే కావచ్చు. కానీ ఇవే మూడు వాక్యాలు అశోక్‌నగర్‌లో ఏ గది తలుపు తట్టినా దొరుకుతాయి. ఇందులో మీరెక్కడున్నారు?

అదే మనిషి, నలుగురి ముందు ఈ పేజీ చదివాడనుకోండి. వింటున్నవాళ్లలో ఒకరు ‘ఎంత కష్టం? నీకెట్ల తెలుస్తది?’ అని అడిగారు. వారం తర్వాత మళ్లీ రాసుకొచ్చాడు:

‘నెల మొదట్లో అమ్మ ఫోన్ చేస్తుంది. పైసలు అందినయా బిడ్డా అంటుంది. తిన్నవా అంటుంది. పోయినేడు నోటిఫికేషన్ వచ్చిందా అని కూడా అడిగేది. ఇప్పుడు అడగడం మానేసింది.’

కష్టం అన్న మాట లేదు. కల లేదు, లక్ష్యం లేదు. అయినా ఇంట్లో ఏం జరుగుతోందో అర్థమైంది కదా! మొదటి పేజీకీ రెండో పేజీకీ మధ్య కొత్త వ్యాకరణ పుస్తకమేమీ రాలేదు. ఒక మనిషి శ్రద్ధగా విని ఒక ప్రశ్న వేశాడు, అంతే. నలుగురితో కూర్చుని రాయడంలోని లాభం ఇదే. మన రాతలో ఏం లోపించిందో మనకు కనిపించదు. వినేవారికి వెంటనే తగులుతుంది.

మెట్రో గ్రీన్ లైన్... సాహిత్యం లైన్!

జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ వెళ్లే మెట్రో గ్రీన్ లైన్ 2020 ఫిబ్రవరిలో మొదలైంది. కోచింగ్ సెంటర్‌కో, హాస్టల్‌కో, ఊరెళ్లే బస్సు కోసమో మీరు ఎక్కుతూనే ఉంటారు. ఇందులో వరసగా నాలుగు స్టేషన్లు గుర్తుపెట్టుకోండి. తెలుగు రాతకు సంబంధించి ఇంత దగ్గర దగ్గరగా ఇన్ని చోట్లు దొరకడం అరుదు.

*ఆర్టీసీ క్రాస్‌రోడ్స్:* సినిమా హాళ్ల సెంటర్‌గానే మీకు తెలుసు. కాస్త నడిస్తే బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం వస్తుంది. పెద్ద గ్రంథాలయం ఉంది. పుస్తకావిష్కరణలు, చర్చలు, స్మారకోపన్యాసాలు తరచుగా జరుగుతుంటాయి. ఇందిరాపార్కు పక్కనున్న ఎన్టీఆర్ స్టేడియం కూడా ఈ చుట్టుపక్కలే. చలికాలంలో హైదరాబాద్ పుస్తక ప్రదర్శనకు అది చాలా ఏళ్లుగా వేదిక. స్టాళ్లతోపాటు అక్కడి సభా వేదిక మీద రచయితలతో ముఖాముఖీలూ ఉంటాయి. అశోక్‌నగర్‌లో ఉంటూ ఆ రోజుల్లో ఒక్కసారైనా వెళ్లకపోతే మీదే నష్టం.

*చిక్కడపల్లి:* లైబ్రరీ మీకు తెలిసిందే. దానికి దగ్గర్లోనే త్యాగరాయ గానసభ. పేరులో గానం ఉన్నా సంగీతం, నాటకం, సాహిత్యం మూడింటికీ అది ఇల్లు. కవి సమ్మేళనాలు, పుస్తకావిష్కరణలు అక్కడ దశాబ్దాలుగా జరుగుతున్నాయి. చాలా సభలకు ప్రవేశం ఉచితమే. పత్రికల్లో ‘నగరంలో నేడు’ శీర్షిక చూస్తే వివరాలు తెలుస్తాయి. వెనక వరసలో కూర్చుని వినడానికి ఎవరి సిఫారసూ అక్కర్లేదు. సభ అయ్యాక ‘నేనూ రాస్తుంటానండీ’ అని చెప్పడానికి కాస్త ధైర్యం మాత్రం కావాలి.

*నారాయణగూడ:* ఇక్కడ దిగి నడుచుకుంటూ కాచిగూడ చౌరస్తాకు వెళ్లండి. ఆర్యసమాజ్ మందిరం ఎదురుగా నవోదయ బుక్ హౌస్. రాష్ట్రం నలుమూలల నుంచి రచయితలు సొంతంగా అచ్చువేసుకున్న పుస్తకాలు కూడా ఇక్కడి అరల్లోకి చేరతాయి. ‘ఇప్పుడు తెలుగులో ఎవరు ఏం రాస్తున్నారు?’ అన్న ప్రశ్నకు ఒక గంటలో జవాబు కావాలంటే ఆ అరల ముందు నిలబడితే చాలు. కొత్త కథా సంకలనం ఒకటి కొనుక్కోండి. బిర్యానీకి పెట్టే డబ్బుతో అయిపోతుంది.

*సుల్తాన్‌బజార్:* శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఇక్కడే. 1901 సెప్టెంబరు 1న పుట్టింది. నిజాం రాజ్యంలో తెలుగు చదవడానికి ఒక చోటు కావాలని కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు వంటివారు నిలబెట్టిన గ్రంథాలయం. ఇక్కడి నుంచి అబిడ్స్ వైపు వెళ్తే తిలక్ రోడ్డులో తెలంగాణ సారస్వత పరిషత్తు. అది 1943లో మొదలైంది. సాహిత్య ప్రసంగాలు, పుస్తక ప్రచురణ, తెలుగు పరీక్షల నిర్వహణ పరిషత్తు పనులు. ఆదివారమైతే అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాల సంత ఎలాగూ ఉంటుంది.

ఈ చోట్లన్నీ తిరగడానికి ఒక ఆదివారం, మెట్రో టికెట్టు, అరిగినా పరవాలేదనుకునే చెప్పులు చాలు.

మీ ఊరి గురించి మీరు రాయకపోతే...

‘మాది చిన్న ఊరు, మా బతుకుల్లో రాయడానికి ఏముంటది?’ అనే సందేహం చాలామందిది. దీనికి ఇదే నగరంలో 90 ఏళ్ల కిందటే ఒక జవాబు దొరికింది.

నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్న మాట అప్పట్లో ఒక పత్రికలో వచ్చింది. అప్పటికి సురవరం ప్రతాపరెడ్డి 1926లో మొదలైన ‘గోలకొండ’ పత్రికను నడుపుతున్నారు. ఆయన ఎదురు వ్యాసం రాసి ఊరుకోలేదు. కవిత్వం పంపండని కోరారు. ఊరూరి నుంచీ పద్యాలు వచ్చాయి. 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ వెలువడింది. అందులో 354 మంది కవులున్నారు!

వాళ్లంతా పెద్ద పేరున్నవారు కాదు. చాలామంది రాసుకుని ఇంట్లో దాచుకున్నవారే. ఎవరో అడిగే దాకా వాళ్లు కవులని ఊరికే తెలియదు. స్థానిక రచయితల కోసం మన నేల మీద జరిగిన గొప్ప కార్యక్రమాల్లో అదొకటి. ఆ సంపాదకుడి పేరే ఇప్పుడు హైదరాబాద్‌లోని తెలుగు విశ్వవిద్యాలయానికి ఉంది.

ఈ కాలానికి వస్తే, కేంద్ర సాహిత్య అకాడమీ 2011 నుంచి యువ పురస్కారం ఇస్తోంది. 35 ఏళ్ల లోపు రచయితలకు ఇచ్చే ఈ పురస్కారం కింద రూ.50 వేలు, తామ్రపత్రం అందుతాయి. తెలుగులో 2015లో పసునూరి రవీందర్ కథలకు, 2017లో మెర్సీ మార్గరెట్ కవిత్వానికి, 2021లో తగుళ్ల గోపాల్ ‘దండకడియం’ కవితలకు, 2024లో రమేష్ కార్తీక్ నాయక్ ‘ఢావ్లో’ కథలకు వచ్చింది. ‘ఢావ్లో’ కథల్లో ఉన్నది లంబాడా తండాల బతుకు. తన చుట్టూ ఉన్న మనుషులను తండా వాడే రాస్తే ఎలా ఉంటుందో ఆ పుస్తకం చూపించింది. మీ ఊరి బస్టాండు, మీ ఇంటి భాష, మీ అమ్మ మాట్లాడే తీరు... ఇవి ఇంకెవరి దగ్గరా లేని పెట్టుబడి.

క్లాసు దొరకలేదా? మీరే మొదలుపెట్టండి

కథా కార్యశాలలు ఎక్కడో ఒకచోట జరుగుతూనే ఉంటాయి. కానీ అవి ఏడాదికి ఒకటో రెండో రోజులు. పరీక్షకు చదివినట్టే రాతకూ వారం వారం సాధన ఉండాలి. అందుకు అయిదుగురుంటే చాలు. మీ హాస్టల్ అంతస్తులోనే దొరుకుతారు.

లైబ్రరీ లోపల మాట్లాడకూడదు కాబట్టి బయట చెట్టు కింద, హాస్టల్ మేడ మీద, లేకపోతే ఇందిరాపార్కులో కూర్చోండి. ఆదివారం సాయంత్రం ఒకటిన్నర గంట. ఖర్చు తలా ఒక చాయ్. ఈ ఆరు నియమాలు పెట్టుకోండి:

1. ప్రతి ఒక్కరూ ఒక పేజీ తేవాలి. 250 నుంచి 300 పదాలు. రాయనివారు వినొచ్చు, వరసగా రెండు వారాలు మాత్రం ఖాళీ చేతులతో రాకూడదు.

2. రాసినవారే గొంతెత్తి చదవాలి. నోరు ఎక్కడ తడబడితే అక్కడ వాక్యం బాగాలేదని గుర్తు. పెన్సిల్‌తో గీత పెట్టుకోండి.

3. చదవడానికి ముందు సంజాయిషీ వద్దు. ‘టైమ్ లేక గబగబా రాశాను’ అనడం నిషేధం.

4. వినేవారు ‘సూపర్ అన్నా’ అనొద్దు, ‘బాలేదు’ అనొద్దు. రెండే చెప్పాలి: ఏది కళ్లకు కట్టింది? ఎక్కడ అర్థంకాక ఆగిపోయాం?

5. అభిప్రాయాలు చెబుతున్నప్పుడు రాసినవారు వాదించకూడదు. రాసుకోవాలి. ఇది కొంచెం కష్టమే. కానీ ఇంటర్వ్యూ బోర్డు ముందు కూర్చున్న రోజు ఈ ఓర్పు విలువ తెలుస్తుంది.

6. వచ్చే వారం కొత్త పేజీ తేవడం కన్నా పాత పేజీ దిద్ది తెస్తే ఎక్కువ గౌరవం.

ఆరో నియమం మర్చిపోవద్దు. మొదటిసారి రాసింది ఎవరిదైనా పచ్చిగానే ఉంటుంది. దిద్దడం నేర్చుకున్నవారే నిలబడతారు.

ఒక జాగ్రత్త. మీలో తెలంగాణ జిల్లాల వారు, ఆంధ్ర జిల్లాల వారు, తెలుగు మీడియం, ఇంగ్లిష్ మీడియం అందరూ ఉంటారు. ఎవరి యాసనూ ఎవరూ దిద్దొద్దు. అక్షర దోషం వేరు, యాస వేరు. మొదటిది సరిచేయండి, రెండోదాన్ని కాపాడండి.

మూడు నెలల ప్రణాళిక

సిలబస్ లేకపోతే మనకు చేతులాడవు కదా! అందుకే ఇదిగో పన్నెండు వారాల సిలబస్.

*1–3 వారాలు, చూడటం:* లైబ్రరీలో మీ పక్కన కూర్చునే ఒక మనిషి, మీ గది, మీ మెస్సు. ‘అందమైన’, ‘అద్భుతమైన’, ‘దుర్భరమైన’ అన్న మాటలు వాడకుండా ఒక్కోదాని మీద ఒక పేజీ.

*4–6 వారాలు, వినడం:* బస్సులో, జిరాక్స్ షాపులో విన్న ఇద్దరి సంభాషణ రాయండి. వాళ్ల మాటలు వాళ్లలాగే ఉండాలి. ఆ మాటల వెనక వాళ్లు దాచింది ఏమిటో పాఠకుడికి తెలియాలి.

*7–9 వారాలు, కథ:* ఒక మనిషికి ఒకటి కావాలి, దానికి ఏదో అడ్డొచ్చింది, చివరకు ఏదో మారింది. మూడు పేజీలు దాటొద్దు. ఈ మూడు వారాలూ ఒకే కథను దిద్దండి.

*10–12 వారాలు, వ్యాసం:* ఇప్పుడు గ్రూప్-1 ఎస్సే అంశం ఒకటి తీసుకోండి. భూగర్భజలాలు, వలసలు, మహిళా ఉపాధి... ఏదైనా సరే. మొదటి పేరాలో ఒక మనిషిని, ఒక చోటును చూపించి, అక్కడి నుంచి గణాంకాల్లోకి, విధానాల్లోకి వెళ్లండి. మొదటి వారం మీరు రాసిన పేజీ తీసి పక్కన పెట్టుకోండి. తేడా మీకే కనిపిస్తుంది.

రోజుకు అరగంట కన్నా ఎక్కువ పెట్టొద్దు. చదువు మానేసి కథలు రాయమని ఎవరూ చెప్పడం లేదు. ఫోన్‌లో రీల్స్ చూసే సమయంలోంచి ఈ అరగంట తీయండి, చదువు గంటలు అలాగే ఉంటాయి. చాట్‌బాట్‌తో రాయించి తెచ్చి చదివితే మిత్రులను కాదు, మిమ్మల్నే మోసం చేసుకున్నట్టు. పరీక్ష హాల్లో పెన్ను మీ ఒక్కరి చేతిలోనే ఉంటుంది.

ఈ రాతతో ఉద్యోగం వస్తుందా?

సూటిగా చెప్పుకుందాం. తెలుగులో కథలు, కవితలు మాత్రమే రాసి ఇల్లు గడపడం చాలా కష్టం. పేరున్న రచయితల్లో ఎక్కువమంది టీచర్లు, జర్నలిస్టులు, ప్రభుత్వ ఉద్యోగులు. కథ అచ్చయితే వచ్చే పారితోషికంతో గది అద్దె కూడా తీరదు. ఈ నిజం తెలిసే దిగాలి.

అయితే రాయడం వచ్చినవారికి తలుపులు తెరిచే ఉద్యోగాలు చాలా ఉన్నాయి. దినపత్రికల జర్నలిజం స్కూళ్లు రాతపరీక్షలో చూసేది తెలుగు వ్యక్తీకరణ, ఇంగ్లిష్ నుంచి అనువాదం, వర్తమాన అంశాలు. ఎంపికైతే శిక్షణ కాలంలో స్టైపెండ్ ఇస్తారు. టీవీ, వెబ్ వార్తలకు సబ్‌ఎడిటర్లు కావాలి. ప్రకటనల సంస్థలకు తెలుగులో ఆలోచించే కాపీ రైటర్లు కావాలి. ఓటీటీలకు డబ్బింగ్ మాటలు, సబ్‌టైటిల్స్ రాసేవారు, ఆడియో కథల యాప్‌లకు ఎపిసోడ్లు రాసేవారు, బ్యాంకులు, యాప్‌ల సమాచారాన్ని తెలుగులోకి తెచ్చే అనువాదకులు కావాలి. కోచింగ్ సెంటర్లకే మెటీరియల్ రాసేవారు కావాలి!

ఈ ఉద్యోగాలకు వెళ్లినప్పుడు మొదట అడిగేది ‘మీరు రాసినవి చూపించండి’ అని. అందుకే మీ పన్నెండు వారాల్లోంచి అయిదు నమూనాలు తయారుగా ఉంచుకోండి: ఒక కథ, ఒక అనువాదం, ఒక క్షేత్రస్థాయి కథనం, ఒక నిమిషంన్నర వీడియో స్క్రిప్టు, కష్టమైన విషయాన్ని సులువుగా చెప్పిన ఒక వ్యాసం. యూనికోడ్‌లో తెలుగు టైపింగ్ తప్పనిసరిగా నేర్చుకోండి. అక్షర దోషాలు లేకుండా వేగంగా టైప్ చేసేవారికి ఎప్పుడూ గిరాకీ ఉంటుంది.

పద్ధతిగా చదవాలనుకుంటే తెలుగు విశ్వవిద్యాలయం, ఉస్మానియా, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీల్లో తెలుగు ఎంఏ ఉంది. తెలుగు విశ్వవిద్యాలయం దూరవిద్యలోనూ కొన్ని డిప్లొమాలు నడుపుతుంది. ఇంగ్లిష్‌లో రాసేవారికి ఇగ్నో సృజనాత్మక రచన డిప్లొమా అందిస్తోంది. ఏ ఏడాది ఏ కోర్సులో ప్రవేశాలున్నాయో నోటిఫికేషన్ చూసుకుని దరఖాస్తు చేయండి.

ముప్పై ఏళ్ల లోపు వారు మరో పథకం గుర్తుపెట్టుకోవాలి. దాని పేరు పీఎం-యువ. కేంద్ర విద్యాశాఖ తరఫున నేషనల్ బుక్ ట్రస్టు నడిపే ఈ పథకం 2021లో మొదలైంది. తొలి విడతలో దేశవ్యాప్తంగా 75 మందిని తీసుకున్నారు. 2025లో ప్రకటించిన మూడో విడతకు 50 మంది. ఎంపికైనవారికి నెలకు రూ.50 వేల చొప్పున ఆరు నెలలు ఉపకారవేతనం, రాయడంలో పెద్దల మార్గదర్శనం, పుస్తక ప్రచురణ. తెలుగులోనూ రాయొచ్చు. దరఖాస్తుతోపాటు పుస్తకం ప్రణాళిక, నమూనా అధ్యాయం అడుగుతారు. నోటిఫికేషన్ వచ్చాక మొదటి వాక్యం వెతుక్కునేవారు ఆ గడువులో అందుకోలేరు. ముందు నుంచీ రాస్తున్నవారికి అది దిద్దుకునే పని మాత్రమే.

పంపేటప్పుడు, సంతకం పెట్టేటప్పుడు...

కథ సిద్ధమయ్యాక పత్రికల ఆదివారం అనుబంధాలకు పంపండి. పద పరిమితి పాటించండి. కథ మీ సొంతమేనని, ఎక్కడా అచ్చు కాలేదని హామీ జతచేయండి. ఒకే కథను ఒకేసారి రెండు చోట్లకు పంపొద్దు. జవాబు రావడానికి నెలలు పట్టొచ్చు. ఆలోగా ఇంకోటి రాయండి. ఉగాది, దీపావళి, సంక్రాంతి ముందు కథల పోటీల ప్రకటనలు వస్తాయి, గమనిస్తూ ఉండండి.

వెయ్యి రూపాయలు కడితే మీ కవిత సంకలనంలో వేస్తాం, రెండు వేలు కడితే శాలువా కప్పి బిరుదు ఇస్తాం అనేవారు తారసపడతారు. ఇంటి నుంచి వచ్చే డబ్బు అలాంటి చోట పెట్టకండి. మంచి పత్రిక రచయితకు ఇస్తుంది, రచయిత దగ్గర తీసుకోదు. సినిమా కథ వినిపించేవారు ముందుగా తేదీతో సహా రాతలో పెట్టుకోవాలి. స్క్రిప్టు నమోదు నిబంధనలు తెలుగు సినీ రచయితల సంఘంలో అడిగి తెలుసుకోండి.

ఫలితం ఏదైనా...

అశోక్‌నగర్‌లో అందరికీ తెలిసిన, ఎవరూ పైకి మాట్లాడని విషయం ఒకటుంది. పోస్టులు వందల్లో, అభ్యర్థులు లక్షల్లో. కష్టపడినవారందరికీ ఉద్యోగం రాదు. మూడేళ్లో నాలుగేళ్లో ఇక్కడ గడిపి, ఒక రోజు గది ఖాళీ చేసి కాచిగూడ స్టేషన్‌లో రైలెక్కేవారు ప్రతి నోటిఫికేషన్ తర్వాతా ఉంటారు. పుస్తకాలు పాత పేపర్ల షాపుకు వెళతాయి. ఈ ఏళ్లు ఏమైనట్టు అన్న ప్రశ్న మాత్రం వెంట వస్తుంది.

మీ ట్రంకు పెట్టెలో దిద్దిన పేజీల కట్ట ఒకటి ఉంటే ఆ ప్రశ్నకు కొంతైనా జవాబు ఉంటుంది. ఉద్యోగం వస్తే రేపు ఫైలు మీద స్పష్టంగా నాలుగు వాక్యాలు రాయగల అధికారి అవుతారు. రాకపోతే, మరో ఉద్యోగానికి తీసుకెళ్లగల ఒక పని చేతికి వచ్చి ఉంటుంది. రెండింటిలో ఏది జరిగినా, ఈ వీధుల్లో మీరు గడిపిన రోజులు మీ మాటల్లో మిగులుతాయి.

ఈ పేజీ చదవడం అయిపోయింది కదా. ఇవాళ మీ అమ్మతో ఫోన్‌లో ఏం మాట్లాడారో గుర్తుతెచ్చుకుని, ఒక పేజీ రాయండి. ఆదివారానికి ఇంకో నలుగురిని వెతకండి.

వెంటనే చేయాల్సినవి

- ఈ వారం: అయిదుగురు మిత్రులు, ఒక చోటు, ఒక సమయం ఖాయం చేసుకోండి.
- ఈ నెల: త్యాగరాయ గానసభలో కానీ, సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో కానీ ఒక సాహిత్య సభకు వెళ్లి రండి.
- మూడు నెలల్లో: ఒక కథను కనీసం మూడుసార్లు దిద్ది పత్రికకు పంపండి.
- రోజూ: ఒక తెలుగు కథ లేదా సంపాదకీయం బయటకు చదవండి. అర్థం తెలియని మాటను నిఘంటువులో చూడండి.
- ఎప్పుడూ: రాసిన పేజీ మీద తేదీ వేయండి. పాత పేజీలు పారేయకండి.